చిప్పులో చీటీ ఎవరు తీస్తారు?



రేడియో ముల్లు తిప్పుతూ స్టేషను కోసం వెతికేటప్పుడు మధ్యలో ఒక హోరు వినపడుతుంది చూడండి. కాలిన పెనం మీద నీళ్ళు చిలకరించినట్టుంటుంది. ఆ హోరు ఎవరికీ అక్కర్లేదు. పాటకు అడ్డమని విసుక్కుంటాం. అందులో కొంత ఆకాశంలో మెరుపుల వల్ల వచ్చేది, కొంత రేడియో లోపలి భాగాల్లోనే పుట్టేది. ఏ లోహంలోనైనా వేడి ఉన్నంతసేపూ ఎలక్ట్రాన్లు కుదురుగా ఉండవు. సంతలో జనంలాగా అటూ ఇటూ తోసుకుంటూనే ఉంటాయి. ఆ తోపులాటే మనకు హోరుగా వినపడుతుంది. మీ బ్యాంకు కార్డులో ఉన్న చిప్పు భద్రంగా ఉండాలంటే ఇలాంటి హోరే ఆధారం. అదెలాగో చెప్పడానికే ఈ పూట మీ ముందుకొచ్చాను.

చిప్పుల గొడవ మనకెందుకమ్మా అనకండి. మన అనంతపురంలో ఇంజనీరింగు కాలేజీ 1946 నాటిది. ఇప్పుడు ఎందరో ఆడపిల్లలు ఎలక్ట్రానిక్సు చదివి, చిప్పులు డిజైను చేసే ఉద్యోగాలకు వెళుతున్నారు. మీ ఇంట్లోనే ఒకమ్మాయి ఉండవచ్చు. ఆ పిల్ల పని ఏమిటో తల్లికి కాస్తయినా తెలిస్తే బాగుంటుంది గదా.

చిప్పుల కంటే ముందు చీటీల సంగతి చెబుతాను. నాకు తెలిసిన ఒక పల్లెలో, ఊరి పేరెందుకులెండి, పదిహేనుమంది ఆడవాళ్ళు పొదుపు సంఘం పెట్టుకున్నారు. నెలకొకరికి అప్పు. ఎవరికి ముందు అనేది చెంబులో చీటీలు వేసి, ఒక చిన్నపాప చేత తీయించేవాళ్ళు. పాప కళ్ళు మూసుకునే తీసేది. అయినా వరసగా మూడు నెలలు ఒకే వీధి వాళ్ళకు వచ్చింది.

"ఏంది వదినా, వాన మాదిరే చీటీ కూడా ఆ పక్కనే పడతా ఉండాదే?" అని ఒకామె అనేసింది.

లెక్కలు రాసే ఆమెకు రోషమొచ్చింది. "నేనేమన్నా చెంబులో చెయ్యి పెట్టినానా మ్మే?" అంది.

నిజంగానే ఆమె చెయ్యి పెట్టలేదు. చివరికి చీటీలన్నీ చాపమీద పరిచి చూస్తే తెలిసిందేమంటే, ఆ వీధి వాళ్ళ పేర్లు పాత క్యాలెండరు అట్ట చింపి రాశారు. మిగతావి నోటుబుక్కు కాగితం. అట్టముక్క మడత సరిగా పడదు. ఉబ్బుగా పైకి తేలి, పాప వేళ్ళకు ముందు అదే తగిలేది. ఎవరూ మోసం చెయ్యలేదు. కానీ చెనిక్కాయ విత్తనాల వేళకు అప్పు అందవలసిన ఒకామె ఆ యేడు బయట వడ్డీకి తెచ్చుకుంది. చెంబు బోర్లించి, చీటీలు విప్పి చూడగలిగారు గనుక తప్పు దొరికింది. మూత సీలు వేసిన చెంబయితే ఏం చేసేవారు? ఈ ప్రశ్న గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

చిప్పుకు చీటీలతో పనేమిటంటే, ప్రతి భద్రమైన చిప్పుకూ ఒక రహస్య తాళంచెవి ఉంటుంది. అది ఇనుప తాళంచెవి కాదు, పెద్ద సంఖ్య. సున్నాలూ ఒకట్లూ వరసగా పేర్చిన సంఖ్య. ఒక్కొక్క సున్నానుగానీ ఒకటినిగానీ బిట్టు అంటారు. 128 బిట్ల తాళంచెవి కావాలంటే 128 సార్లు చీటీ తీసినట్టే. ప్రతిసారీ సున్నా వస్తుందో ఒకటి వస్తుందో ఎవరూ ముందుగా చెప్పలేకుండా ఉండాలి. పుస్తకాల్లో దీన్ని యాదృచ్ఛిక సంఖ్య అంటారు. నేను ఊహకందని సంఖ్య అంటాను. దొంగ ఊహకు అందిందా, ఆ తాళం ఎంత గొప్పదైనా తలుపు తెరిచినట్టే.

ఇది మన పల్లెలకు దూరపు మాట కాదు. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఆ తర్వాత కొన్నేళ్ళకు, కూలి డబ్బు వేలిముద్రలున్న స్మార్టు కార్డుల ద్వారా ఇచ్చే ఏర్పాటు వచ్చింది. దానివల్ల లాభముందా లేదా తేల్చడానికి అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 8 జిల్లాల్లో పరీక్ష జరిగింది. వాటిలో అనంతపురం ఒకటి. ఏ మండలానికి కార్డులు ముందు ఇవ్వాలి, ఏ మండలానికి తర్వాత ఇవ్వాలి అన్నది అధికారుల ఇష్టానికి వదలకుండా చీటీ తీసినట్టే నిర్ణయించారు. 112 మండలాలకు ముందు, 45 మండలాలకు ఆఖర్న. 2016లో ఫలితాలు అచ్చయ్యాయి. కార్డులు ముందు వచ్చిన చోట కూలి త్వరగా చేతికందింది, దారిలో కారిపోయే డబ్బు తగ్గింది. మండలాలను ఎంచడంలోనూ చీటీయే, కార్డు లోపల తాళంచెవి తయారీలోనూ చీటీయే. మొదటిది పదిమందీ చూసి తప్పుపట్టగలిగింది. రెండోది గోరంత చిప్పులో, కంటికి కనపడకుండా జరిగేది.

కనపడని చోట ఏం జరగవచ్చో తైవాను దేశంలో చూశారు. అక్కడ పౌరులకు ప్రభుత్వం చిప్పు కార్డులిచ్చింది. చిప్పులు పరీక్షలు నెగ్గినవే, ధ్రువపత్రాలున్నవే. 2013లో పరిశోధకులు ఇరవై లక్షల పైచిలుకు కార్డుల బహిరంగ సంఖ్యలు తీసుకుని లెక్కలు వేస్తే, 184 కార్డుల రహస్య తాళంచెవులు బయటపడ్డాయి. కారణం, కొన్ని చిప్పుల్లో ఊహకందని సంఖ్య పుట్టించే భాగం సరిగా పనిచెయ్యక, ఒకే మాదిరి సంఖ్యలు మళ్ళీ మళ్ళీ వచ్చాయి. ఇరవై లక్షల్లో 184 ఎంతలే అనిపిస్తుంది. ఆ 184 మందిలో మనమొకరమైతే అలా అనిపించదు.

సరే, చిప్పు లోపల చీటీ తీసే పాప ఎవరు? ఇక్కడే మన హోరు వస్తుంది. కంప్యూటరు స్వభావం చెప్పింది చెప్పినట్టు చెయ్యడం. ఒకే లెక్క వెయ్యిసార్లు ఇచ్చినా వెయ్యిసార్లూ ఒకే జవాబు. ఊహకందనిది దాని నోట రాదు. అందుకని వేడికి ఎలక్ట్రాన్లు తోసుకునే ఆ తోపులాటలోంచి బిట్లు ఏరుకోవాలి. ఇందుకు ముఖ్యంగా మూడు దారులున్నాయి. ఒకటి, డయోడు అనే భాగానికి ఎదురు వోల్టేజి ఎక్కువగా ఇచ్చి, అది తెగేచోట పుట్టే పెద్ద హోరును వాడటం. హోరు బాగానే వస్తుంది గానీ, అందుకు ఆరు వోల్టుల పైమాటే కావాలి. చిన్న చిప్పుల్లో అంత వోల్టేజి ఎక్కడిది? రెండోది, తక్కెడ ముల్లును సరిగ్గా నడిమధ్య నిలబెట్టి వదిలినట్టు, ఒక చిన్న సర్క్యూటును అటూ ఇటూ కాకుండా నిలిపి వదలడం. ఎటు ఒరుగుతుందో హోరు తేలుస్తుంది. ఇంటెల్ కంపెనీ 2012 నుంచి తన చిప్పుల్లో వాడింది ఇలాంటి పద్ధతే. చాలా వేగం. కానీ తక్కెడ రెండు పళ్ళాలూ సమంగా ఉండేట్టు పట్టిపట్టి చెయ్యాలి. అనుభవమున్న చేతులకే సాధ్యం.

మూడోది రింగ్ ఆసిలేటరు. ఓపెన్ చిప్పులు చేసేవాళ్ళు ఎక్కువగా దీనివైపే చూస్తారు గనుక దీన్ని కాస్త నిదానంగా చెబుతాను.

అయిదుగురు ఆడపిల్లల్ని గుండ్రంగా నిలబెట్టండి. ఆట ఏమిటంటే, పక్కపిల్ల "అవును" అంటే తను "కాదు" అనాలి, "కాదు" అంటే "అవును" అనాలి. ఆరుగురైతే ఎక్కడో ఒకచోట కుదురుకుంటారు. అయిదుగురు గనుక ఎన్నడూ కుదరదు. మాట తిరుగుతూనే ఉంటుంది. చిప్పులో ఈ పిల్లలే నాట్ గేట్లు. సెకనుకు కోట్లసార్లు తిరుగుతుంది మాట. అయితే ప్రతి పిల్లా సరిగ్గా ఒకే సమయానికి జవాబివ్వదు. వేడి తోపులాట వల్ల ఒకసారి వెంట్రుకవాసి ముందు, ఒకసారి వెంట్రుకవాసి వెనక. ఈ తొట్రుపాటును ఇంజనీర్లు జిట్టర్ అంటారు. కొంతసేపు పోయాక గంట కొట్టి, "ఈ క్షణాన మొదటిపిల్ల నోట ఏ మాట ఉంది?" అని చూస్తే వచ్చేది ఒక బిట్టు. గంట తొందరగా కొడితే తొట్రుపాటు పోగుపడదు, జవాబు ఊహించవచ్చు. ఆలస్యంగా కొడితే ఊహించలేరు, కానీ పని నెమ్మదిస్తుంది. ఎంతసేపు ఆగాలన్నది కొలిచి తేల్చుకోవలసిందే, అందాజు మీద పెట్టేది కాదు.

దీనికొక బలహీనత ఉంది. మన చెక్కభజన చూసే ఉంటారు. గుంపులో ఎవరైనా తాళం తప్పుతూ ఉంటే, డప్పు గట్టిగా కొట్టండి, అందరూ ఆ దెబ్బకే అడుగు కలుపుతారు. ఈ గేట్లూ అంతే. 2009లో కేంబ్రిడ్జి పరిశోధకులిద్దరు కరెంటు తీగలోంచే ఒక లయను చిప్పులోకి పంపారు. రింగులన్నీ ఆ లయకు కట్టుబడి తొట్రుపాటు మానేశాయి. 2ను 64 సార్లు హెచ్చిస్తే వచ్చే సంఖ్య ఎంతో తెలుసా? ఒకటి పక్కన పంతొమ్మిది సున్నాలు పెట్టి, దానికి దాదాపు రెట్టింపు. దొంగ అన్ని తాళంచెవులు ప్రయత్నించవలసినచోట, ఈ దెబ్బతో 3300 ప్రయత్నిస్తే చాలన్న స్థితికి వచ్చింది. 2004 నాటి ఒక బ్యాంకు కార్డు మీద కూడా ఇదే చేసి చూపించారు. అందుకే ఒకే పొడవున్న రింగులు పెట్టవద్దంటాను. మూడు గేట్లది ఒకటి, ఏడింటిది ఒకటి, పదకొండుది ఒకటి, ఇలా వేరువేరు పొడవులవి చాలా పెట్టి, వాటికిచ్చే కరెంటును వడగట్టి ఇవ్వాలి. ఒక డప్పుకు అందరినీ కట్టడం అప్పుడు కష్టం.

చిప్పు డిజైను చేసే అమ్మాయిలకు ఇంకొక చిన్నమాట. గేట్లను అమర్చిపెట్టే సాఫ్టువేరు మహా పొదుపరి. "కాదు కాదు అంటే అవుననేగా" అని జంటగేట్లను దండగ కింద కొట్టేస్తుంది. రింగును ముట్టుకోవద్దని దానికి ముందే చెప్పకపోతే, ఏడుగేట్ల రింగు ఒక్క గేటయి కూచుంటుంది.

ఇప్పుడు బిట్లు వచ్చాయనుకోండి. అవి సమంగా ఉండవు. చింతపిక్కను ఒకవైపు అరగదీసి పచ్చీసులో పందెం వేస్తాం గదా, అది తెలుపూ నలుపూ సమంగా పడదు. ఒక పిక్క నాలుగింట మూడుసార్లు తెలుపే పడుతుందనుకోండి. దానితో న్యాయంగా చీటీ తీయడమెలా? 1951లో ఫాన్ నాయ్‌మన్ అనే గణితవేత్త ముచ్చటైన ఉపాయం రాశాడు. పిక్కను రెండేసిసార్లు వెయ్యండి. రెండూ తెలుపో రెండూ నలుపో అయితే వదిలెయ్యండి. ముందు తెలుపు, తర్వాత నలుపు పడితే సున్నా. ముందు నలుపు, తర్వాత తెలుపు పడితే ఒకటి. ఈ రెండింటికీ అవకాశం సమానం. పదహారు జంటల్లో మూడు ఇటు, మూడు అటు, మిగతా పది వృథా. ఇంట్లో పిల్లల చేత ఆడించి చూడండి, లెక్క తేలిగ్గా పట్టుబడుతుంది. అయితే ఒక షరతు: ఒక వేటుకూ మరోవేటుకూ సంబంధం ఉండకూడదు. చిప్పులో ఆ షరతు ఊరికే నెరవేరదు.

ఇక్కడ ఒక లెక్క మన కరువుసీమ వాళ్ళకు అర్థమైనంత బాగా ఇంకెవరికీ అర్థం కాదనుకుంటాను. మన జిల్లా సగటు వాన ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. సగటు నమ్ముకుని చెనిక్కాయ వేసినవాళ్ళ గతి మీకు నేను చెప్పాలా? రైతు చూడవలసింది సగటు కాదు, చెడ్డ ఏడు ఎంత పడుతుందని. ఊహకందనితనాన్ని కొలవడంలోనూ అంతే. నాలుగింట మూడుసార్లు ఒకటే వచ్చే బిట్టును సగటు లెక్కన కొలిస్తే 0.81 వంతు అనిశ్చితి ఉందంటారు. దొంగ ఎప్పుడూ "ఒకటి" అనే ఊహిస్తాడు గదా అని గట్టిగా కొలిస్తే 0.415 వంతే ఉంది. దీన్నే మిన్-ఎంట్రపీ అంటారు. 128 బిట్ల బలం కావాలంటే సగటు లెక్కకు 158 ముడిబిట్లు చాలు, గట్టి లెక్కకు 309 కావాలి. అమెరికా ప్రమాణాల సంస్థ 2018లో ఇచ్చిన నిబంధన గట్టి లెక్కే చూడమంటుంది.

ఇప్పుడు సీలువేసిన చెంబు సంగతికి వస్తాను. ముడిబిట్లను చిప్పులు ఉన్నవున్నట్టుగా బయటకివ్వవు. లోపలే ఒక రహస్యలిపి యంత్రంలో వేసి రుబ్బి ఇస్తాయి. రుబ్బడం మంచిదే. చిక్కేమిటంటే, రుబ్బాక ఏదైనా బాగానే కనపడుతుంది. పుచ్చు మిరపకాయలు మిక్సీలో వేసినా కారం ఎర్రగానే ఉంటుంది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టే యంత్రాన్ని పెట్టి, వచ్చినదాన్ని రుబ్బి ఇచ్చినా, బయటనుంచి చేసే పరీక్షలన్నీ నెగ్గుతుంది. కంపెనీ వారికి మాత్రం రాబోయేవన్నీ తెలుసు. అందుకే 2013లో ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగు సిస్టం వాళ్ళు, చిప్పు ఇచ్చిన సంఖ్యలను నేరుగా వాడేది లేదని, ఇతర చోట్ల నుంచి వచ్చినవాటితో కలిపే వాడతామని నిర్ణయించుకున్నారు. 2019లో ఏఎండీ కంపెనీ కొత్త చిప్పులు కొన్ని ప్రతిసారీ అన్నీ ఒకట్లే ఇచ్చి, కంప్యూటర్లు మొదలుకాకుండా నిలిచిపోయాయి. అది కనపడే తప్పు గనుక తొందరగానే పట్టుబడింది.

ఈ బాధ లేకుండా, చిప్పు నమూనానే అందరి ముందూ పరుద్దామన్న ఆలోచనే ఓపెన్ చిప్పు. 2010లో అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయంలో మొదలైన రిస్క్-ఫైవ్ దానికి పునాది. మనకు పక్కనే చెన్నైలో, మద్రాసు ఐఐటీ వాళ్ళు దానిమీదే శక్తి ప్రాసెసర్లు కట్టారు. 2018లో ఒకటి మొహాలీలోని మన ప్రభుత్వ సెమీకండక్టర్ ప్రయోగశాలలోనే తయారైంది. సీడాక్ వాళ్ళ వేగా కూడా ఈ కోవలోదే. రిస్క్-ఫైవ్ వాళ్ళు 2021లో ఊహకందని సంఖ్యలకు ఒక నియమం ఆమోదించారు. నాకు నచ్చిన విషయమేమంటే, అందులో చిప్పు "ఇదిగో తయారైన సంఖ్య" అని ఇవ్వదు. "ఇదిగో విత్తనం" అని 16 బిట్లు ఇస్తుంది. లేదా "ఆగు" అంటుంది. లేదా "నేను చెడిపోయాను" అని ఒప్పుకుంటుంది. చెడిపోయినా సంఖ్యలిస్తూ పోయే చిప్పుకంటే ఇది ఎంత నయమో చూడండి.

ఓపెన్ అన్నమాట విని మురిసిపోకూడదని కూడా చెప్పాలి. 2006లో డెబియన్ అనే ఓపెన్ సాఫ్టువేరులో ఎవరో రెండు వరసలు అక్కర్లేదని తీసేశారు. దాంతో ఒక్కోరకం తాళంచెవులు 32,767కు మించి పుట్టలేదు. 2008 మే దాకా ఎవరూ గమనించలేదు. తలుపు తెరిచే ఉంది, తొంగి చూసినవాళ్ళు లేరు. పైగా చిప్పుకు ఇంకో మెలిక ఉంది. గూగులు, మరికొందరు కలిసి 2019లో ప్రకటించిన ఓపెన్‌టైటన్ చాలా మంచి ఓపెన్ డిజైను. దాంట్లో పరీక్షించే భాగం, రుబ్బే భాగం అన్నీ బాహాటమే. అసలు హోరు పుట్టే భాగం మాత్రం చిప్పు అచ్చుపోసే కర్మాగారాన్ని బట్టి మారేది గనుక ఆ బొమ్మలో ఉండదు. 2013లో ఇంకొందరు పరిశోధకులు, పైకి గీతలేమీ మార్చకుండా లోపల కలిపే మలినాల పాళ్ళు మార్చి, ఊహకందని సంఖ్యలిచ్చే యంత్రాన్ని బలహీనం చెయ్యవచ్చని రాశారు. పటం ఎంత బాగున్నా, కట్టిన ఇల్లు కొలిచి చూసుకోవాలన్నమాట.

అందుకని నన్నడిగితే, ఓపెన్ చిప్పుకు తెలివైన కొత్త పద్ధతికంటే పాత రింగులే మేలు. సాధారణ గేట్లతోనే కట్టవచ్చు, ఏ కర్మాగారంలోనైనా పోయించవచ్చు, ఎందుకు పనిచేస్తుందో కాగితం మీద లెక్కకట్టి చూపించవచ్చు. ముడిబిట్లు బయటకు తీసే దారి ఒకటి తప్పకుండా ఉంచాలి. పరీక్షలయ్యాక, చిప్పు జనం చేతికి వెళ్ళేముందు ఆ దారి శాశ్వతంగా మూసెయ్యాలి. లోపల ఇద్దరు కాపలాదార్లు నిత్యం ఉండాలి: ఒకే బిట్టు అదేపనిగా వస్తోందా అని చూసేది ఒకటి, ఒకవైపు మొగ్గు పెరిగిందా అని చూసేది ఇంకొకటి. ఇవి చిన్న సర్క్యూట్లే, ఖర్చు స్వల్పం.

కొలవడం కూడా ఏసీ గదిలో కాదు. మన పల్లెల్లో లో వోల్టేజికి మోటార్లు కాలిపోవడం ఎరుగుదుం. మే నెల మిట్టమధ్యాహ్నం రచ్చబండ దగ్గర పింఛను పంచే చేతియంత్రం, ఎండకు కాగి, బ్యాటరీ అడుగంటిన వేళ కూడా ఆ రింగులు సరిగా తొట్రుపడుతున్నాయా? కాగినప్పుడూ, చల్లారినప్పుడూ, వోల్టేజి తగ్గించీ పెంచీ విడివిడిగా కొలవాలి. వాటిలో అన్నిటికంటే చెడ్డ అంకె ఏదో అదే నమ్మాలి.

మీ అమ్మాయి ఇలాంటి పని చేస్తూ ఉంటే, "ముడిబిట్లు ఎన్ని తీశారే?" అని అడిగి చూడండి, ఆశ్చర్యపోతుంది. ఆ అమెరికా నిబంధన ప్రకారం వరసగా పది లక్షలు తీయాలి. అదికాక, చిప్పును వెయ్యిసార్లు ఆర్పి వెలిగించి, ప్రతిసారీ మొదటి వెయ్యి బిట్లు తీసి పక్కపక్కన పెట్టి చూడాలి. కొన్ని చిప్పులు లేవగానే రోజూ ఒకే పాట పాడతాయి మరి. వెయ్యిసార్లు స్విచ్చి వేయడం చేత్తో అయ్యే పని కాదు, దానికొక చిన్న బోర్డు పెట్టుకుంటారు. రాత్రంతా అదే వేస్తూ ఆర్పుతూ ఉంటుంది. తెల్లారి వచ్చిన ఆ ఫైలును, డిజైనుతో పాటే నలుగురూ చూసేచోట పెట్టమనండి.